పాఠమంతా నోటికొచ్చు, మార్కులెందుకు రావు? ఇంగ్లిష్ టెస్టు అసలు ఏం అడుగుతుంది

సూర్యాపేటలో మా అక్కవాళ్లింటికి వెళ్లినప్పుడు, ఏడో తరగతి చదివే అక్క కూతురు తన ఇంగ్లిష్ స్లిప్ టెస్టు పేపరు తెచ్చి నా ఒళ్లో పడేసింది. ఇరవైకి తొమ్మిది. "పిన్నీ, అన్నీ చదివాను. క్వశ్చన్ ఆన్సర్లన్నీ నోటికొచ్చు. కావాలంటే అడుగు" అంది. అడిగాను. నిజంగానే వచ్చు. గైడులో ఉన్నది ఉన్నట్టు, ఎక్కడా ఆగకుండా అప్పజెప్పేసింది.

తర్వాత పేపరు చూశాను. మొదటి జవాబు ఆరు లైన్లు, ముత్యాల్లాంటి అక్షరాలు, ఒక్క స్పెల్లింగ్ తప్పు లేదు. పక్కన ఎర్ర ఇంకుతో అర మార్కు. పాఠంలోని కుర్రాడి స్థానంలో నువ్వుంటే ఏం చేసేదానివి అన్నది ప్రశ్న. మా పిల్ల ఆ కుర్రాడు ఏం చేశాడో రాసింది. ప్రశ్నలో కుర్రాడి మాట, పాఠంలోని సంఘటన రెండూ కనబడగానే, నోట్లో ఉన్న జవాబు చేతిలోకి వచ్చేసింది. రాసిందాంట్లో తప్పేమీ లేదు. అడిగింది మాత్రం అది కాదు.

ఈ దృశ్యం మా అక్కవాళ్లింట్లో ఒక్కచోటే జరిగేది కాదు. తెలంగాణలో 2022-23 నుంచి ప్రభుత్వ బడుల్లో ఒకటి నుంచి ఎనిమిది తరగతుల వరకు ఇంగ్లిష్ మీడియం పెట్టారు. ఆ ఏడాది మూడో తరగతిలో ఉన్న పిల్లలు 2025-26కి ఆరో తరగతికి వచ్చారు. ఇప్పుడు వాళ్లకు అన్ని సబ్జెక్టులూ ఇంగ్లిష్‌లోనే. అందుకే ఇంగ్లిష్ టెస్టులో మార్కు పోతే ఇంట్లో టెన్షన్ మునుపటికంటే ఎక్కువైంది. "చదివినా ఎందుకు రావట్లేదు?" అన్న ప్రశ్నకు "సరిగా చదవలేదు" అన్న జవాబు చాలా ఇళ్లలో వినిపిస్తుంది. అది చాలాసార్లు పిల్లల పట్ల అన్యాయం. ఈ చిక్కు ఎక్కడెక్కడ పడుతుందో ఒక్కో ముడీ విప్పి చూద్దాం.

స్లిప్ టెస్టు, ఎఫ్‌ఏ, ఎస్‌ఏ: ఇంట్లో తికమక పెట్టే పేర్లు

ముందు పేర్ల సంగతి. తెలంగాణ రాష్ట్ర సిలబస్‌లో ఏడాదికి నాలుగు ఎఫ్‌ఏలు, రెండు ఎస్‌ఏలు ఉంటాయి. ఎఫ్‌ఏ అంటే నిర్మాణాత్మక మూల్యాంకనం, అంటే పాఠాలు నడుస్తుండగా పిల్ల ఎక్కడుందో చూసుకోవడం. ఎస్‌ఏ అంటే సంగ్రహణాత్మక మూల్యాంకనం, కొన్ని నెలల చదువు తర్వాత పెట్టే పెద్ద పరీక్ష. ఎఫ్‌ఏకి 50 మార్కులు. అందులో తరగతిలో పాల్గొనడం, స్పందించడం 10, నోటుపుస్తకంలో సొంతంగా రాసినవి 10, ప్రాజెక్టు 10. మిగతా 20 మార్కులదే స్లిప్ టెస్టు. ఇంట్లో మనం "టెస్టు" అని భయపడేది ఆ 50లో ఈ 20 గురించే. మిగతా 30 రోజువారీ పనిలో వస్తాయి. వాటి గురించి ఇంట్లో ఎవరూ అడగరు.

ఆంధ్రప్రదేశ్‌లో ఈ పేర్లు, పద్ధతులు ఈ మధ్య కొన్నిసార్లు మారాయి. 2022-23లో తరగతి ఆధారిత మూల్యాంకనం పేరుతో ఓఎంఆర్ షీట్లు కూడా చిన్న తరగతుల్లోకి వచ్చాయి. ఎఫ్‌ఏలు, ఎస్‌ఏలతో ఏడాదంతా నడిచే ఈ నిరంతర మూల్యాంకన పద్ధతిని సీబీఎస్‌ఈ 2017లో పక్కనపెట్టింది. ప్రైవేటు బడుల్లో వారానికో టెస్టు, నెలకో టెస్టు ఉంటాయి. పేరేదైనా, ఆరు నుంచి ఎనిమిది తరగతుల ఇంగ్లిష్ పేపరులో కనబడే భాగాలు దాదాపు ఒకటే: చదివి అర్థం చేసుకోవడం, మాటలు, గ్రామర్, సొంతంగా రాయడం. ఆఖరిదాన్ని రాష్ట్ర సిలబస్ టీచర్లు డిస్కోర్స్ అంటారు. ఉత్తరం, డైరీ, సంభాషణ, నోటీసు, కథ, ఇవన్నీ డిస్కోర్సులే.

అసలు తేడా ఇక్కడుంది. సోషల్ పరీక్షలో కృష్ణానది ఎక్కడ పుట్టిందని అడిగితే మహాబలేశ్వర్ అని రాస్తే అయిపోయింది. జవాబు పుస్తకంలో ఉంది, అదే కావాలి. ఇంగ్లిష్ పాఠం అలాంటిది కాదు. అది ఈత నేర్చుకునే చెరువు. చెరువు లోతెంత, గట్టు ఎవరు కట్టించారు అని పరీక్షలో అడగరు. దూకి ఈదమంటారు. ఒక్కోసారి వేరే చెరువులో.

బుట్టలో మామిడిపండ్లు: ఒక చిన్న పేరా, మూడు రకాల ప్రశ్నలు

ఆ వేరే చెరువు పేరే అన్‌సీన్ ప్యాసేజ్. పుస్తకంలో లేని పేరా ఇచ్చి, దాని కింద ప్రశ్నలు వేస్తారు. ఎలా ఉంటుందో చూడ్డానికి ఆ సాయంత్రం నేనే మా పిల్లకోసం ఒక చిన్న పేరా ఇంగ్లిష్‌లో రాసిచ్చాను. దాని తెలుగు ఇది:

"ముసలాయన బుట్ట కింద పెట్టి నిట్టూర్చాడు. ఒక్క మామిడిపండు కూడా అమ్ముడుపోలేదు. ఆకాశం వైపు చూసి, గబగబా పండ్ల మీద గోనెపట్టా కప్పాడు."

మొదటి ప్రశ్న: బుట్టలో ఏమున్నాయి? మామిడిపండ్లు. ఆ మాట పేరాలో కనబడుతుంది, వెతికి రాస్తే చాలు. రెండో ప్రశ్న: ముసలాయన ఎందుకు నిట్టూర్చాడు? ఇక్కడ "ఎందుకంటే" అని పేరాలో ఎక్కడా లేదు. మొదటి వాక్యంలో నిట్టూర్పు ఉంది, రెండో వాక్యంలో కారణం ఉంది. రెంటినీ పిల్లే కలపాలి. మూడో ప్రశ్న: ఎందుకు గబగబా కప్పాడు? దీనికి జవాబు పేరాలోనే లేదు. ఆకాశం వైపు చూశాడంటే మబ్బు పట్టిందని, వాన వస్తుందేమోనని మనమే ఊహించాలి.

మా పిల్ల మొదటిదానికి ఠక్కున రాసింది. రెండోదానికి ముసలాయన ఒక మామిడిపండే అమ్మాడని రాసింది. కారణం చాలా చిన్నది. ఇంగ్లిష్‌లో నేను రాసింది "నాట్ ఎ సింగిల్ మ్యాంగో" అని. సింగిల్ అనే మాట తనకు తెలుసు. సింగిల్ అంటే ఒకటి. వాక్యం మొదట్లో ఉన్న "నాట్" మీదుగా కన్ను జారిపోయింది. తెలుగులో కాదు, లేదు అనేవి చాలావరకు వాక్యం చివర్లో వస్తాయి. "ఒక్కటీ అమ్ముడుపోలేదు" అంటే ఆ "లేదు" చెవిలో గట్టిగా మోగుతుంది. ఇంగ్లిష్‌లో అది ముందే వచ్చి వెళ్లిపోతుంది.

మూడోదానికి ఖాళీ వదిలేసింది. ఆ ఖాళీ సంగతి చివర్లో చెబుతాను.

ఈ మూడు రకాల్లో మొదటి రకానికే గైడూ బట్టీ పనికొస్తాయి. కింది తరగతుల్లో ఎక్కువ ప్రశ్నలు ఆ రకమే కాబట్టి పిల్ల బాగానే నెట్టుకొస్తుంది. ఆరో తరగతి దాటాక రెండో రకం, మూడో రకం పెరుగుతాయి. "ఐదో తరగతి వరకు ఇంగ్లిష్‌లో ఫస్టు, ఇప్పుడేమైందో" అని తల్లిదండ్రులు బాధపడేది చాలాసార్లు ఇక్కడే. పిల్ల మారలేదు, ప్రశ్న మారింది.

ఎన్ని మాటలు తెలిస్తే పేరా అర్థమవుతుంది?

2000లో హు, నేషన్ అనే ఇద్దరు పరిశోధకులు ఇంగ్లిష్ నేర్చుకుంటున్న పెద్దవాళ్లకు ఒక కథ ఇచ్చి చూశారు. కథలో ప్రతి 100 మాటల్లో 80 మాత్రమే తెలిసినవాళ్లలో ఒక్కరికీ కథ సరిగా అర్థం కాలేదు. ఎవరి సాయమూ లేకుండా హాయిగా అర్థం కావాలంటే 100కి 98 మాటలు తెలిసుండాలని లెక్క తేల్చారు.

దీన్ని మన పేపరుకి అన్వయిస్తే, 120 మాటల పేరాలో తెలియనివి రెండు మూడు ఉంటే పిల్ల మిగతా వాక్యాన్ని పట్టుకుని వాటి అర్థం ఊహించగలదు. తెలియనివి 24 ఉంటే, అంటే ఐదింట ఒకటి, ఊహించడానికి పట్టే ఉండదు. అప్పుడు చాలామంది పిల్లలు ఒకే పని చేస్తారు. ప్రశ్నలో ఉన్న మాట పేరాలో ఎక్కడుందో వెతికి, ఆ వాక్యాన్ని మొత్తంగా దించేస్తారు. ఒక్కోసారి మార్కూ వస్తుంది. దాంతో అదే చదవడమనుకుంటారు.

అయితే మాటలొక్కటే లెక్క కాదు. 1988లో రెక్ట్, లెస్లీ అనే అమెరికా పరిశోధకులు ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలకు బేస్‌బాల్ ఆట మీద ఒక కథనం ఇచ్చారు. చదవడంలో వెనకబడినా ఆ ఆట బాగా తెలిసిన పిల్లలు, చదవడంలో చురుకై ఉండి ఆట తెలియని పిల్లలకంటే దాన్ని బాగా గుర్తుపెట్టుకుని చెప్పారు. మనకు బేస్‌బాల్ బదులు క్రికెట్ అనుకోండి. ఆఖరి ఓవర్లో రనౌట్, థర్డ్ అంపైర్, డ్రెస్సింగ్ రూంలో నిశ్శబ్దం, ఇలాంటి పేరా ఇస్తే ఐపీఎల్ చూసే పిల్లాడు తెలియని మాటల్ని కూడా దాటుకుంటూ వెళ్లిపోతాడు. అదే పిల్లాడికి మంచులో స్లెడ్జి బండి మీద వెళ్లే కథ ఇస్తే, మాటలు తేలికవైనా కళ్లముందు బొమ్మ కట్టదు.

ఇంగ్లిష్ రాని తల్లిదండ్రులకు ఈ సంగతి చాలా ముఖ్యం అనిపిస్తుంది నాకు. లోకం గురించి పిల్లకు తెలిసింది ఏ భాషలో తెలిసినా ఇంగ్లిష్ పేరాలో అక్కరకు వస్తుంది. నాగార్జునసాగర్ గేట్లు ఎందుకు ఎత్తుతారో, పత్తికి పురుగు ఎలా పడుతుందో, బ్యాంకులో అప్పుకి వడ్డీ ఎలా కడతారో తెలుగులో విన్న పిల్ల, ఆ విషయాల మీద ఇంగ్లిష్ పేరా వచ్చినప్పుడు సగం దూరం ముందే నడిచేసి ఉంటుంది.

తెలుగు వాక్యం ఎక్కడ సాయం చేస్తుంది, ఎక్కడ దారి తప్పిస్తుంది

గ్రామర్ భాగంలో పోయే మార్కులు చెల్లాచెదురుగా పోవు. కొన్ని చోట్లే మళ్లీ మళ్లీ పోతాయి. ఆ చోట్లు దాదాపుగా తెలుగూ ఇంగ్లిషూ విడిపోయే మలుపులే. తప్పుల్ని దిద్దమనే ఎడిటింగ్ ప్రశ్న కూడా ఎక్కువగా ఆ మలుపుల దగ్గరే కాచుక్కూర్చుంటుంది.

"వస్తాడు" అనే మాటే తీసుకోండి. "వాడు రోజూ వస్తాడు" అంటాం. "వాడు రేపు వస్తాడు" అని కూడా అంటాం. అలవాటుకీ, రేపటికీ మనకు క్రియ ఒక్కటే. తేడా చెప్పేది రోజూ, రేపు అనే మాటలు. ఇంగ్లిష్‌లో మొదటిది "కమ్స్", రెండోది "విల్ కమ్". పిల్ల "హి విల్ కమ్ డైలీ" అని రాసిందంటే గ్రామర్ అసలు రాదని కాదు. తన తెలుగు వాక్యాన్ని ఉన్నదున్నట్టు నమ్మకంగా మార్చింది, అంతే.

"కమ్స్" చివర ఆ ఎస్ కూడా ఇలాంటిదే. దాన్ని మరిచిపోని పిల్ల ఉండదు. విచిత్రమేమిటంటే మనిషిని బట్టి క్రియ మార్చడం తెలుగు పిల్లలకు ఉగ్గుపాలతో వచ్చిన విద్య. వస్తాను, వస్తావు, వస్తాడు, వస్తుంది, వస్తారు. ఇంగ్లిష్‌లో వర్తమానంలో ఈ మార్పు దాదాపుగా హి, షి, ఇట్‌ల దగ్గరే మిగిలింది. "వాడు వస్తాను" అంటే చెవికి ఎంత ఎబ్బెట్టుగా ఉంటుందో, "హి కమ్" అన్నా ఇంగ్లిష్ చెవికి అంతే. ఇలా చెబితే మా పిల్ల కిసుక్కున నవ్వింది. రూల్ నంబరు చెప్పినప్పుడు నవ్వలేదు.

ప్రశ్న వేయడంలో ఇంకో మలుపు. "వచ్చాడు" చివర దీర్ఘం తీస్తే "వచ్చాడా?" ప్రశ్న అయిపోయింది. ఇంగ్లిష్‌లో "డిడ్" అని ముందు ఒక మాట వచ్చి, జరిగిపోయిన కాలాన్ని తన భుజాన వేసుకుంటుంది. బరువు దిగిపోయింది కాబట్టి "కేమ్" మళ్లీ "కమ్" అయిపోతుంది. పిల్లలు "డిడ్ హి కేమ్?" అని రాసేది, బరువు రెండు చోట్లా మోపడం వల్ల.

"కదా" సంగతి మరీ బాగుంటుంది. నువ్వొస్తావు కదా, ఆమె పాడుతుంది కదా, వాళ్లు వెళ్లిపోయారు కదా. మనకు అన్నిటికీ ఒకటే "కదా". ఇంగ్లిష్‌లో అవి వరసగా "వోంట్ యు", "డజంట్ షి", "డిడింట్ దే". వాక్యంలోని క్రియ ఏదో, కర్త ఎవరో చూసుకుని తోక తగిలించాలి. మనవాళ్లు పెద్దయ్యాక కూడా అన్నిటికీ "ఈజింట్ ఇట్" అనేస్తారంటే, మనసులో ఆ "కదా" అలా పాతుకుపోయింది మరి.

అన్నిటికంటే లోతైన మలుపు రిపోర్టెడ్ స్పీచ్, అంటే ఒకళ్లన్న మాటను ఇంకొకళ్లు చెప్పడం. "రేపు వస్తాను అన్నాడు రవి." దీన్ని తెలుగులో మనం చెప్పుకునే తీరు చూడండి: "రవి రేపు వస్తానన్నాడు." రవి నోట్లోంచి వచ్చిన "వస్తాను" అలాగే ఉంది. చెప్పేది నేనైనా క్రియ రవిదే. "అని" అనే చిన్న మాట ఇంకొకళ్ల మాటను చెక్కుచెదరకుండా మోసుకొస్తుంది. ఇంగ్లిష్‌లో ఆ సౌకర్యం లేదు. మాట ఇప్పుడు ఎవరి నోట్లో ఉంటే వాళ్ల వైపు నుంచి అన్నీ తిరగాలి. "ఐ" వెళ్లి "హి", "విల్" వెళ్లి "వుడ్", "టుమారో" వెళ్లి "ది నెక్స్ట్ డే" అవుతాయి. పిల్ల "రవి సెడ్ దట్ ఐ విల్ కమ్ టుమారో" అని రాస్తే, తన మనసులో అది నూటికి నూరుపాళ్లు సరైన తెలుగు. చదివే ఇంగ్లిష్ వాళ్లకు మాత్రం, వస్తానన్నది రవి కాదు, రాసిన పిల్ల వస్తుందని రవి చెప్పినట్టవుతుంది. ఈ ఒక్క తేడా విడమరచి చెప్పకుండా పదిహేను వాక్యాలు మార్పించినా, పదహారోది మళ్లీ తప్పే వస్తుంది.

తెలుగు అడ్డొచ్చే చోట్లే చెబితే సగమే చెప్పినట్టు. "ఎ", "ది" అనే ఆర్టికల్స్ మనకు లేవని అంటారు. కానీ మన కథ ఎలా మొదలవుతుంది? "అనగనగా ఒక రాజు. ఆ రాజుకి ఏడుగురు కొడుకులు." మొదటిసారి "ఒక", రెండోసారి "ఆ". అచ్చంగా ఇంగ్లిష్‌లో "ఎ కింగ్", తర్వాత "ది కింగ్". ఈ పోలిక అన్నిచోట్లా పనిచేయదు. సూర్యుణ్ణి మనం "ఆ సూర్యుడు" అనం, ఇంగ్లిష్‌లో "ది సన్" అంటారు. అయినా పాఠంలో కనబడే ఖాళీల్లో ఎన్నింటినో ఈ రాజుగారే పూరిస్తారు.

"ఎ" రాయాలా, "యాన్" రాయాలా అన్నదాంట్లో తెలుగు చదివిన పిల్లలకు ఇంకా పెద్ద ఆస్తి ఉంది. మాట మొదట్లో ఏ ఇంగ్లిష్ అక్షరం ఉందన్నది ఇక్కడ లెక్కలోకి రాదు, వినిపించే శబ్దమే లెక్క. ఆ మాటను తెలుగు లిపిలో రాసి చూస్తే చాలు. అవర్ అచ్చుతో మొదలైంది, కాబట్టి "యాన్ అవర్". యూనిఫాం హల్లుతో, కాబట్టి "ఎ యూనిఫాం". ఎమ్మెల్యే అచ్చుతో, కాబట్టి "యాన్ ఎమ్మెల్యే". ఇంగ్లిష్ అక్షరాలు చూస్తే మూడూ మోసం చేస్తాయి. తెలుగు అక్షరాలు మూడింటినీ పట్టిస్తాయి. ఎగ్గుని "యెగ్గు", ఆఫీసుని "వాఫీసు" అనే అలవాటున్నచోట మాత్రం కాస్త చూసుకోవాలి.

స్పెల్లింగ్ గురించి ఎక్కువ చెప్పను. తెలుగులో పలికినట్టే రాస్తాం, ఇంగ్లిష్‌లో పలకని అక్షరాలు కూడా రాయాలి. "నైట్" అంటే రాత్రీ కావచ్చు, మొదట్లో మౌనంగా ఉండే కె పెట్టుకున్న వీరుడూ కావచ్చు. వీటికి రాసి రాసి చెయ్యి అలవాటు పడటం తప్ప దగ్గరి దారి లేదు.

చెట్టు కూలింది ఒక్కటే, రాయాల్సిన తీరులు మూడు

డిస్కోర్స్‌లో మార్కులు ఎందుకు తగ్గుతాయో ఒక ఉదాహరణతో చూస్తే తేలిగ్గా తెలుస్తుంది. రాత్రి గాలివానకి బడి ఆవరణలో వేపచెట్టు కూలిపోయిందనుకుందాం. దీన్నే నోటీసుగా రాయమంటే ఎవరు, ఎవరికి, ఎప్పుడు, ఎక్కడ అన్నవి చాలు: రేపు ఆ గేటు మూసి ఉంటుంది, ఇంకో గేటులోంచి రండి. చెట్టు కింద ఆడుకున్న రోజుల జ్ఞాపకాలు అందులో ఇమడవు. డైరీలో అవే ప్రాణం. తేదీ వేసి, "నేను" అని మొదలుపెట్టి, పొద్దున గేటు దగ్గర ఖాళీగా కనబడ్డ ఆకాశం గురించి రాయొచ్చు. హెడ్మాస్టరుకు ఉత్తరమైతే మర్యాదగా సంబోధన, విషయం, కోరిక: దాని చోట కొత్త మొక్క నాటడానికి అనుమతి ఇవ్వండి.

మా పిల్ల మూడింటికీ ఒకే ఐదు వాక్యాలు రాసింది. పైన "డియర్ డైరీ" అనో "సర్" అనో మార్చింది. రూపానికి ఇచ్చే మార్కు వచ్చింది. ఎవరితో మాట్లాడుతున్నావో గుర్తెరిగి రాశావా అన్నదానికి ఇచ్చే మార్కు పోయింది. నిజానికి ఈ విద్య కూడా తనకు రాకపోలేదు. అదే వార్తను తాతయ్యతో ఒకలా, స్నేహితురాలితో ఒకలా, టీచరుతో ఒకలా తెలుగులో రోజూ చెబుతూనే ఉంది.

బట్టీ పట్టడం తప్పా?

దీనిమీద రెండు పక్షాలున్నాయి, రెంటిలోనూ నిజముంది. పాతకాలం టీచర్లు, ట్యూషన్ చెప్పేవాళ్లు అంటారు: ఎక్కాలు బట్టీ పట్టకుండా లెక్కలు వచ్చాయా? గో, వెంట్, గాన్ అని వల్లె వేయకుండా క్రియా రూపాలు ఎలా వస్తాయి? పైగా చాలా బడుల్లో స్లిప్ టెస్టుకి పాఠం వెనకున్న ప్రశ్నలే ఉన్నదున్నట్టు ఇస్తారు. బట్టీ పట్టిన పిల్లకు మార్కులొస్తాయి, దాంతో ధైర్యమొస్తుంది. ఇంగ్లిష్ వినపడని ఊళ్లో పిల్ల నోట్లో నాలుగు మంచి వాక్యాలు ఆడటం చిన్న విషయం కాదు.

రెండో పక్షం, కొత్త పాఠ్యపుస్తకాలు తయారుచేసినవాళ్ల ఆలోచన, ఇంకోలా ఉంటుంది. భాషను వాడగలగాలి, అప్పజెప్పడం భాష కాదు. గైడులోని పేరాని మోసే పిల్ల, ప్రశ్న కొంచెం వంకర తిరగగానే పడిపోతుంది. మా ఇంట్లో జరిగింది అదే.

నా మటుకు నాకు, ఎంత ముక్క బట్టీ పడుతున్నామన్నదే తేడా అనిపిస్తుంది. చిన్న ముక్కలు, అంటే క్రియారూపాలు, స్పెల్లింగులు, ఉత్తరం మొదలూ చివరా, "గుడ్ యాట్", "అఫ్రెయిడ్ ఆఫ్" లాంటి జంటలు, ఎక్కడైనా అతుకుతాయి. ఇటుకల్లాంటివి. ఆరు లైన్ల జవాబు మొత్తం కట్టేసిన గోడ. ఆ గోడ ఒక్క ఇంటికే సరిపోతుంది.

పొద్దున చెప్పింది, బడిలో మరిచిపోయింది: ఎందుకలా?

"పొద్దున నాకు అన్నీ చెప్పింది, బడికెళ్లి మరిచిపోయింది" అని మా అక్క అంటుంది. ఇది కల్పించుకున్న మాట కాదు. 2006లో అమెరికాలో రోడిగర్, కార్పికే కాలేజీ విద్యార్థులకు కొన్ని పేరాలు ఇచ్చారు. కొందరు వాటిని మళ్లీ మళ్లీ చదివారు. కొందరు ఒకసారి చదివి, పుస్తకం మూసి, గుర్తున్నది రాశారు. ఐదు నిమిషాల తర్వాత అడిగితే మళ్లీ చదివినవాళ్లే ముందున్నారు. రెండు రోజుల తర్వాత, వారం తర్వాత అడిగితే తారుమారైంది. మూసి గుర్తుచేసుకున్నవాళ్లకే ఎక్కువ మిగిలింది.

ఇంట్లో జరిగేదానికి ఇది అద్దం పడుతుంది. పొద్దున ఏడింటికి పుస్తకం చూసి చదివి, ఏడుంపావుకి అప్పజెప్పడం ఐదు నిమిషాల పరీక్ష. అందులో అందరూ పాసే. చూసినకొద్దీ తెలిసినట్టే అనిపిస్తుంది, ఆ అనిపించడం వల్ల పిల్లా మోసపోతుంది, తల్లీ మోసపోతుంది. ఇరవై మాటలున్నాయనుకుందాం. ఆదివారం రాత్రి ఒకేసారి గంటసేపు చూసిన పిల్లకీ, గురువారం, శుక్రవారం, శనివారం, ఆదివారం పావుగంట చొప్పున పుస్తకం మూసి ఎన్ని గుర్తున్నాయో రాసుకున్న పిల్లకీ పట్టింది అదే గంట. గురువారం రెండోదానికి ఎనిమిదే గుర్తుండి ఏడుపొస్తుంది. ఆ కష్టపడి గుర్తుచేసుకోవడమే మాటను నిలబెడుతుంది. ఏడుపు చూసి మనం గబుక్కున పుస్తకం తెరిచి ఇచ్చేస్తాం.

ఇంట్లో తెలుగు మాట్లాడితే ఇంగ్లిష్ పాడవుతుందా?

ఈ ప్రశ్న బడి గేటు దాటి కోర్టు దాకా వెళ్లింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2019 నవంబరులో ఒకటి నుంచి ఆరు తరగతులకు ఇంగ్లిష్ మీడియం పెడుతూ జీవో ఇచ్చింది. 2020 ఏప్రిల్‌లో హైకోర్టు దాన్ని కొట్టేసింది. అదే ఏడాది వచ్చిన జాతీయ విద్యావిధానం, వీలైనచోటల్లా కనీసం ఐదో తరగతి వరకు, వీలైతే ఎనిమిది వరకు ఇంటిభాషలో బోధన ఉండాలంది. ఇంగ్లిష్ మీడియం కోరే తల్లిదండ్రుల మాటను తేలిగ్గా తీసెయ్యలేం. డబ్బున్నవాళ్ల పిల్లలకు దొరికేది మా పిల్లలకెందుకు వద్దంటారు అన్నది వాళ్ల ప్రశ్న. అది న్యాయమైన ప్రశ్న. అర్థంకాని భాషలో సైన్సు చదివితే సైన్సూ రాదు, ఇంగ్లిషూ రాదు అన్నది ఇవతలివాళ్ల భయం. దానికీ ఆధారముంది. రెండు రాష్ట్రాలూ ఒక పేజీ తెలుగు, ఎదురుపేజీ ఇంగ్లిష్ ఉన్న పుస్తకాలు అచ్చువేసింది ఈ రెంటికీ మధ్య వంతెనగానే.

మీడియం ఏదన్నది పెద్ద చర్చ. ఇంట్లో తెలుగు వాడొచ్చా అన్నది అంత చిక్కు ప్రశ్న కాదు. కెనడాకు చెందిన జిమ్ కమ్మిన్స్ 1979 నుంచి చెబుతూ వచ్చింది ఏమిటంటే, కబుర్ల భాష వేరు, చదువు భాష వేరు. కారణం చెప్పడం, పోల్చడం, ఊహించడం లాంటి చదువు నైపుణ్యాలు ఒక భాషలో బలపడితే రెండో భాషలోకి కూడా నడిచొస్తాయి. ఆయన మాటలకు విమర్శలూ వచ్చాయి, ఆ విభజన అంత సూటిగా ఉండదని. కానీ బుట్టలో మామిడిపండ్ల దగ్గర నేను చూసింది ఆయన చెప్పినట్టే ఉంది.

మూడో ప్రశ్నకు మా పిల్ల ఖాళీ వదిలిందన్నాను కదా. ఆ రాత్రి అక్క చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ కూర్చుంది. అక్క చదివింది పదో తరగతి, తెలుగు మీడియం. ఇంగ్లిష్ పేరా చదవలేదు. "ఏముందే అందులో, నాకు చెప్పు" అంది. పిల్ల తెలుగులో చెప్పుకుపోయింది. "సైడ్" దగ్గర ఆగి "పక్కకి వెళ్లాడు" అంది. పలకడం ఒకేలా ఉన్నా ఇక్కడ అది నిట్టూర్చడమని నేను అర్థం చెప్పాను. ముసలాయన గోనెపట్టా కప్పేదాకా వచ్చాక అక్క చేతిలో కాయ పట్టుకుని తలెత్తింది.

"గబగబా ఎందుకు కప్పాడు?"

"వాన పడుద్దని. పైకి చూశాడుగా, మబ్బేసుంటుంది. పండ్లు తడిసిపోతే రేపు కూడా ఎవరూ కొనరు."

"ఆ ప్రశ్నే కదా నువ్వు ఖాళీగా వదిలేసింది?"

పిల్ల పేపరు చూసింది, నన్ను చూసింది.

"కానీ అమ్మా, వాన అని పేరాలో ఎక్కడా లేదుగా. లేనిది రాయొచ్చా?"